సుంకమ్మ పుల్ల

అనగా అనగా, నీళ్ళు కాగాయో లేదో అందరూ వేలు పెట్టి చూసుకునే రోజులవి. నేనింకా అలాగే చూసి వేలు కాల్చుకుంటాననుకోండి, అది వేరే సంగతి. నీళ్ళకైతే వేలుంది. గాజు కరిగే నిప్పుకి ఏముంది? కన్నే.

ఆ కన్ను ఓబులేసుది. గాజుల బట్టీలోకి తొంగిచూసి "ఇప్పుడు తియ్యండ్రా" అనేవాడు. వేడి చాలకపోతే గాజు పెళుసు, మించితే జారుడు. ఓబులేసు కన్ను తప్పేది కాదు. అయితే నిప్పుని చూసీ చూసీ ఆ కంటికి పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం సుంకమ్మకి చెప్పక్కర్లేదు. అతను పప్పు అనుకుని మజ్జిగలో చెయ్యి పెట్టిన రోజే ఆమెకి తెలిసిపోయింది.

వేడికి మెత్తబడేలా సుంకమ్మ బంకమట్టిలో చౌడు కలిపి పుల్ల చేసింది.

"మామా, దీన్ని బట్టీ మూతిలో నిలబెట్టు. వేడి సరిపోతే వంగుతుంది."

"నిప్పు సంగతి నాకు మట్టి చెప్పాలా?"

అన్నాడే గానీ, ఎవరూ చూడకుండా నిలబెట్టాడు. నిప్పు ఎగదోస్తున్నట్టు నటిస్తూ ఇనపకడ్డీతో తడిమాడు. పుల్ల తొందరపడి వంగింది. గాజులు పెళుసుబారాయి.

"వంగిందా, మామా?"

"ఏమో, చూడలేదు."

సుంకమ్మ విరిగిన పెంకులు చూసి చౌడు తగ్గించింది. ఈసారి పుల్ల ఆలస్యంగా వంగింది. గాజులు జారిపోయాయి.

"వంగిందా, మామా?"

"ఏమో, చూడలేదు."

జారిన ముద్ద చూసి చిటికెడు చౌడు పెంచింది. మూడో పుల్ల సరిగ్గా వంగింది. గాజులు గలగలలాడాయి.

"వంగిందా, మామా?"

"చూడలేదన్నానా!"

రోజుకో పుల్ల వంగుతూ ఏళ్ళు గడిచాయి. "నీది కన్ను కాదయ్యా, దీపం" అనేవారు షావుకార్లు. ఓబులేసు మీసం దువ్వేవాడు. సుంకమ్మ మంచినీళ్ళిచ్చి లోపలికి పోయేది.

ఓ వానాకాలం ఆమెకి జ్వరం ముదిరింది. మంచం చుట్టూ జనం. "వంగిందా, మామా?" అంది. ఓబులేసు నోరు తెరిచాడు. పక్కనే షావుకారు నిలబడి ఉన్నాడు. నోరు మూసుకున్నాడు.

"సరేలే" అంది సుంకమ్మ. అదే ఆఖరి మాట.

కర్మలయ్యాక ఓబులేసు పుల్ల కోసం ఇల్లంతా తడిమాడు. అటక మీద గంపెడు పుల్లలు, ఆరబెట్టి, గడ్డి పరిచి. తన బతుక్కి సరిపోయేన్ని.

మర్నాడు బట్టీలో పుల్ల వంగింది. ఓబులేసు కడ్డీ పడేసి, అందరూ వినేలా అరిచాడు: "వంగింది, సుంకమ్మా! ఇన్నేళ్ళూ సరిగ్గానే వంగింది!"

ఇప్పటికీ ఆ పక్క బట్టీల్లో పుల్ల వంగగానే పెద్ద పనివాడు "వంగింది, సుంకమ్మా" అని గట్టిగా అనాల్సిందే. అనకపోతే గాజు నిలవదంటారు. నిలుస్తుంది. అయినా అంటారు.