గుట్ట మూలుగుకు అర్థం చెప్పిన నక్క

ఉలవగుట్ట కింద ఒక మడుగు ఉంది. వేసవిలో చుట్టుపక్కల వాగులన్నీ ఎండినా అందులో మోకాలిలోతు నీళ్ళు నిలిచేవి. దుప్పులూ అడవిపందులూ తరతరాలుగా అక్కడే తాగేవి. ఒకరంటే ఒకరికి పెద్ద ప్రేమ లేదు గానీ పగ కూడా లేదు. పందులు పొద్దున్నే దిగి బురద చేస్తే, దుప్పులు విసుక్కుంటూ నీళ్ళు తేరేదాకా ఆగేవి. అంతవరకే.

ఆ ఏడు ఎండలు ముదిరాక గుట్ట మూలగడం మొదలుపెట్టింది.

మిట్టమధ్యాహ్నం వేళ రెండు పెద్ద బండల నడుమ నుంచి "ఊఁ... ఊఁ..." అని సన్నగా లేచి, ఏడుపులా సాగి, ఠక్కున ఆగిపోయేది. ముందుగా విన్నది చుక్కమ్మ అనే ఆడదుప్పి. కిందటి వేసవిలో దాని పిల్ల ఆ గుట్ట మీది నుంచే జారిపడి చచ్చిపోయింది. చుక్కమ్మ మందలోకి పరిగెత్తింది.

"నా బిడ్డే! అమ్మా అని పిలిచింది!"

దుప్పులన్నీ వచ్చి విన్నాయి, అవునన్నాయి. పోయినవాళ్ళంతా గుట్టలో చేరి పిలుస్తున్నారని తేల్చేశాయి.

పందుల పెద్ద కోరయ్య విని కొట్టిపారేశాడు. "బిడ్డా లేదు, గొడ్డూ లేదు. అది కొండరాకాసి. మా తాత చెప్పేవాడు."

"మా చచ్చినోళ్ళను రాకాసులంటావా?" అని దుప్పులు కొమ్ములు వంచాయి. పందులు కోరలు చూపించాయి. అంతే, మడుగు దగ్గర తన్నులాట మొదలు. వారం తిరిగేసరికి రెండు వైపులా కుంటివాళ్ళు తేలారు. కడుపునిండా నీళ్ళు తాగినవాళ్ళు మాత్రం ఎటువైపూ లేరు.

పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చిందని ఊరికే అన్నారా? ఇక్కడ నక్క తీర్చింది. పేరు జంబయ్య.

జంబయ్య ముందు దుప్పుల దగ్గరికెళ్ళి కళ్ళు మూసుకుని గుట్ట వైపు చెవి పెట్టాడు. "అమ్మా చుక్కమ్మా, నువ్వు విన్నది నిజం. వాళ్ళు మీ పెద్దలే. ఆకలిగా ఉందంటున్నారు." తరవాత పందుల దగ్గరికెళ్ళి, "కోరయ్యా, మీ తాత మాట పొల్లుపోదు. అది రాకాసే. శాంతి చెయ్యకపోతే మడుగు మింగేస్తానంటోంది" అన్నాడు. తాము నమ్మిందే ఇంకొకడు ఒప్పుకుంటే ఎవరికి చేదు? రెండు మందలూ మురిసిపోయాయి.

మొదట్లో గుట్ట అడిగింది తక్కువే. రేగుపళ్ళు, దుంపలు. గుట్ట వెనక ఉన్న గుహ దాకా జంబయ్యే మోసుకెళ్ళేవాడు. తరవాత గుట్ట ఒక పందిపిల్లను అడిగింది. కోరయ్య పెళ్ళాం మూడు రోజులు మేత ముట్టలేదు. "రాకాసి దాన్ని పెంచుకుంటోందమ్మా, అదృష్టం చేసుకున్నావు" అన్నాడు నక్క.

ఆ తరవాత చుక్కమ్మ వంతు వచ్చింది. కిందటి చలికాలంలో ఈనిన పిల్ల, ఇంకా పాలు మరవలేదు.

గుట్ట వారగా బొరియలో నూకాలు అనే ముళ్ళపంది ఉండేది. పగలు నిద్రపోయే జాతి. బొరియ పక్కనే ఎవరో వెక్కివెక్కి ఏడుస్తుంటే నిద్ర చెడి బయటికొచ్చింది.

"ఏమొచ్చింది వదినా? ఆ ఏడుపేంటి?"

చుక్కమ్మ అంతా చెప్పింది. నాలుగు రోజుల్లో చిన్నదాన్ని జంబయ్యకు అప్పజెప్పాలట. గుట్టలోని అన్నకు తోడు కావాలట.

వింటున్నకొద్దీ నూకాలు ముళ్ళు ఒక్కొక్కటే నిక్కబొడుచుకున్నాయి. "తోడా! బతికున్న బిడ్డను చచ్చిన బిడ్డకు తోడు పంపమన్నాడా ఆ నక్క? నువ్వు సరేనన్నావా?"

"నేను నా చెవులతో విన్నాను నూకాలూ. నన్ను పిచ్చిదాన్ననకు."

"అనను. నువ్వు విన్నావు. నేనూ విన్నాను. చప్పుడు నిజమే. కానీ పిల్లను పంపమన్న మాట నువ్వు విన్నావా?"

చుక్కమ్మ తడబడింది. "అది... జంబయ్య చెప్పాడు."

"చూశావా! నీ చెవి విన్నది ఒక మూలుగు. మిగతాదంతా వాడి నోరు. ఆ రెంటినీ కలిపి ముడేసుకుని కూర్చున్నావు."

నూకాలు అక్కడి నుంచి సరాసరి కోరయ్య దగ్గరికెళ్ళింది. "ఏం బావా, నీ పిల్లను రాకాసి పెంచుకుంటోందా? వెళ్ళి ఒక్కసారి చూసొచ్చావా?"

"గుహ దగ్గరికెళ్తే కళ్ళు పోతాయన్నాడు జంబయ్య."

"వాడి కళ్ళు రోజూ వెళ్ళొచ్చినా పోలేదేం? ఈ కరువులో అందరి డొక్కలూ ఎండిపోతే వాడి బొచ్చొక్కటే నిగనిగలాడుతోందేం?"

"పెద్దల మాటకు ఎదురు చెప్పకు," అన్నాడు కోరయ్య. అయితే నేల వైపు చూస్తూ అన్నాడు.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని తిట్టుకుంటూ నూకాలు గుట్టెక్కింది. మూడు రోజులు నిద్ర మానుకుని బండల పక్కనే కూర్చుంది. పడమటి గాలి తిరగ్గానే మూలుగు మొదలయ్యేది, గాలి పడిపోతే ఆగేది. బండల నడుమ తన మూతి పట్టేంత సందు ఉంది. కిందటి వానల్లో ఒక గుండు దొర్లిపోయి కొత్తగా పడ్డ సందు అది. బొరియల్లో పుట్టి పెరిగినదానికి గాలి చేసే గోల కొత్తా? అయినా తొందరపడలేదు. గాలి ఉన్నప్పుడు ఒంటితో సందు మూసి చూసింది. మూలుగు ఆగింది. తప్పుకుంది. గుట్ట మళ్ళీ మూలిగింది. పదిసార్లు అలాగే చేసింది.

నాలుగో రోజు పొద్దున్నే సందు నిండా ఎండుగడ్డి కూరి, పైన తడిమట్టి మెత్తింది. తరవాత పందులను పిలిచింది. "ఇవాళ పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చి జంబయ్య గుట్ట సంగతి దుప్పులకు ఏం చెబుతాడో మీరూ వచ్చి వినండి."

మధ్యాహ్నానికి రెండు మందలూ బండల కింద చేరాయి. పందులను చూడగానే జంబయ్య ముఖం మాడింది, వెంటనే సర్దుకున్నాడు. చుక్కమ్మ పిల్ల తల్లి పొదుగు వదలడం లేదు.

"జంబయ్యా, దుప్పులతో పెద్దలన్నావు. పందులతో రాకాసి అన్నావు. ఏది నిజం?" అంది నూకాలు.

రెండు మందలూ ఒకరినొకరు చూసుకున్నాయి. నక్క నవ్వాడు. "పిచ్చితల్లీ, ఎవరి నమ్మకం వాళ్ళకు నిజం. గుట్టకు రెండు ముఖాలుండకూడదా?"

బాగా చెప్పాడని కొందరు తలలూపారు కూడా! నూకాలుకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళు బిగబట్టి ఆగింది. ఈలోగా పడమటి గాలి తిరిగింది. ఆకులు గలగలలాడాయి.

"సరే. ఇప్పుడు గుట్ట ఏమంటోందో చెప్పు."

గుట్ట ఏమీ అనడం లేదు. జంబయ్య ఒక్క క్షణం తటపటాయించి, కళ్ళు మూసుకుని చెవి పెట్టాడు. "ఇవాళ నాకొక్కడికే వినబడేలా మాట్లాడుతోంది. కోపంగా ఉంది. పిల్లను వెంటనే పంపమంటోంది. శంకించినదాన్ని గుట్ట దాటించి తరమమంటోంది."

"బాగా వినబడిందా?"

"గంట కొట్టినట్టు!"

నూకాలు బండెక్కి, మట్టి గోకి, గడ్డి బయటికి లాగింది. "ఊఁ... ఊఁ..." అని గుట్ట మూలిగింది. మళ్ళీ గడ్డి కూరింది. గుట్ట నోరు మూసింది. మళ్ళీ లాగింది. మూలిగింది.

"చూడండర్రా!" అని అరిచింది. ముళ్ళన్నీ చువ్వల్లా లేచాయి. "పొద్దున్నుంచీ గుట్ట నోట్లో గడ్డి పెట్టాను. మాటే రానిదానికి అర్థం చెప్పాడు వీడు! ఈ నోటి మాట మీద ఒక బిడ్డను పంపారు, ఇంకో బిడ్డను పంపబోయారు! ఒకరి కాళ్ళు ఒకరు విరగ్గొట్టుకున్నారు! కోరయ్యా, ఇప్పటికైనా గుహలోకి వెళ్ళు!"

కోరయ్య పరిగెత్తాడు. గుహలో రాకాసి లేదు. రేగుగింజలు కుప్పగా ఉన్నాయి. పక్కన నాలుగు చిన్న గిట్టలు, నక్క పళ్ళ గాట్లున్న ఎముకలు. ఒక గిట్టను నోట కరుచుకొచ్చి అందరి ముందూ పెట్టాడు.

జంబయ్య జారుకోబోయాడు. ఒక వైపు కోరలు, ఒక వైపు కొమ్ములు. రెంటి మధ్య ఖాళీలోకి దూకాడు. అక్కడ అప్పటికే బండ దిగిన నూకాలు వీపు తిప్పి నిలబడి ఉంది. మూతి నిండా ముళ్ళతో, కుయ్యోమంటూ కొండ అవతలికి పోయాడు. మళ్ళీ ఆ గుట్ట ఛాయలకు రాలేదు. పోయిన పందిపిల్ల కూడా రాలేదు.

చుక్కమ్మ మెల్లగా వచ్చి అడిగింది. "అయితే నా బిడ్డ నన్ను పిలవలేదా?"

నూకాలు ముళ్ళు దిగిపోయాయి. "ఆ సందులో నుంచి కాదు వదినా. వాణ్ణి తలుచుకుని ఏడవడం నీ హక్కు. దానికి ఏ గుట్టా సాక్ష్యం చెప్పక్కర్లేదు."

కోరయ్యకు ఇంకా ఒక అనుమానపు ముల్లు మిగిలే ఉంది. "మరి నిన్న గాలి అసలు లేనప్పుడు కూడా ఒకసారి మూలిగింది. నేను విన్నాను. అదేంటి?"

"నేనూ విన్నాను. ఎందుకో నాకు తెలీదు."

"తెలీదా!"

"తెలీదు. కనబడితే చెబుతాను. అందాకా తెలీదనే అంటాను. ఆ మాట అనడానికి మీకు సిగ్గేసింది కాబట్టే కదా ఇంత జరిగింది!" అని గుట్ట దిగి, నిద్రకు పోయింది.

తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటే పరువేమీ పోదు; ఆ ఖాళీలో నక్కను కూర్చోబెడితే మాత్రం పిల్లలు పోతారు.