చిటికెన వేలు

ఆ పూట సత్యవేణికి ముద్ద దిగలేదు. విస్తరి ముందు కూర్చుందన్న మాటే గాని, మనసంతా రేపటి పాఠం మీదే ఉంది.

బళ్ళలో ప్రజాస్వామ్యం, మానవ హక్కులు ఎలా నేర్పాలో టీచర్లకి నేర్పే శిబిరం అది. విజయనగరం అవతల ఒక చిన్న ఊరి బళ్ళో పెట్టారు. ఆ ఊరి పిల్లలకే రేపు సత్యవేణి అందరి ముందూ పాఠం చెప్పి చూపించాలి. పై నుంచి అధికారులు కూడా వస్తున్నారు. పాఠం పండితే, మిగతా బళ్ళ టీచర్లకి నేర్పే పని ఆవిడకి ఇస్తారు. ఆ పని మీద సత్యవేణికి ప్రాణం.

చూసుకుందామని ఆ మధ్యాహ్నమే ఒకసారి పాఠం చెప్పి చూసింది. పిల్లలు బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. ఏదడిగినా ఉలుకూ పలుకూ లేదు. మధ్యలో ఇద్దరు ముగ్గురు, బయటికి వెళ్ళాలని చిటికెన వేలు ఎత్తారు. ఇదా వేళ అనుకుని, కళ్ళతోనే కూర్చోబెట్టేసింది. "రేపు పెద్దవాళ్ళొస్తారు. పాఠం అయ్యేదాకా ఎవరూ కదలకూడదు, తెలిసిందా?" అని గట్టిగా చెప్పి మరీ పంపింది.

శిబిరం నడిపే భానోజీ మాస్టారు చెయ్యి కడుక్కుని వస్తున్నారు. మధ్యాహ్నం పాఠం ఆయనా గుమ్మంలోంచి చూశారు. వయసు మీద పడి మోకాళ్ళు వంగవు గాని, మనిషి నవ్వితే పసివాడిలా ఉంటారు. సత్యవేణి లేచి ఎదురెళ్ళింది.

"మాస్టారూ, పిల్లల చేత మాట్లాడించడం ఎలాగండీ? ఒక్కళ్ళూ నోరు విప్పలేదు."

"ఒక్కళ్ళూనా?"

"ఒక్కళ్ళంటే ఒక్కళ్ళూ లేరండీ."

మాస్టారు కండువాతో చెయ్యి తుడుచుకున్నారు.

"రేపు నాకు వాళ్ళ మధ్యన కాస్త చోటు ఇయ్యమ్మా," అన్నారు.

మర్నాడు గోడవారన కుర్చీల్లో అధికారులు, తోటి టీచర్లు కూర్చున్నారు. మాస్టారు మాత్రం ఆ వంగని మోకాళ్ళతోనే ఎలాగో కిందకి ఒదిగి, చివరి వరసలో పిల్లలతో పాటు చాప మీద చతికిలబడ్డారు.

సత్యవేణి రంగుల పటం తగిలించింది. "మీ మనసులో మాట చెప్పుకునే హక్కు మీకుంది. భయపడకుండా అడగొచ్చు. ఏదీ, ఎవరైనా అడగండి!"

చప్పుడు లేదు. కుర్చీల్లో ఎవరో దగ్గారు.

ఆఖరి వరసలో చిటికెన వేలొకటి పైకి లేచింది.

"తర్వాత! ముందు పాఠం వినాలి," అంది పటం మీంచి చూపు తిప్పకుండానే.

కుర్చీల్లో నవ్వులు. ఏమైందా అని ఇటు తిరిగింది. నెరిసిన తల పక్కనే, ఎత్తిన వేలు!

"అయ్యో, మాస్టారూ! మీరా! వెళ్ళండి, వెళ్ళి రండి."

"నేను ఆగగలనమ్మా," అన్నారాయన నెమ్మదిగా. "ఈ పాపని పంపు."

ఆయన పక్కన దాలమ్మ అనే చిన్నపిల్ల. కింది పెదవి పళ్ళ మధ్య నొక్కిపట్టి, మోకాళ్ళు బిగించుకుని కూర్చుంది. పైకి ఎత్తే ధైర్యం లేక కాబోలు, ఒళ్ళో, గౌను మడతల్లో, ఆ చిన్న వేలు నిలబెట్టే ఉంది.

సత్యవేణి తలుపు వైపు చెయ్యి చూపించింది. దాలమ్మ ఒక్క పరుగు తీసింది. ఆ వెనకే ఇంకో వేలు లేచింది, ఆ వెనక మరోటి. చూస్తుండగానే సగం చాపలు ఖాళీ అయిపోయాయి. అధికారి వాచీ చూసుకున్నాడు. నా పని అయిపోయింది అనుకుంది సత్యవేణి. అయినా పాఠం ఎత్తుకోలేదు. తలుపు దగ్గరే నిలబడి, ఒక్కొక్కళ్ళూ వచ్చేదాకా చూసింది.

తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ వచ్చిన దాలమ్మ లోపలికి పోకుండా ఆవిడ ఎదుటే ఆగిపోయింది.

"టీచరమ్మా, మా తమ్ముడు ఒకటో కలాసు. ఆల టీచరుకి కూడా సెప్తారేటి? ఆడు రోజూ లాగు తడుపుకుంటన్నాడు. అందరూ నవ్వుతన్నారు."

కుర్చీల్లో ఎవరూ నవ్వలేదు.

"చెప్తానమ్మా. నువ్వూ రా నాతో, ఇద్దరం కలిసి చెబుదాం," అంది సత్యవేణి.

అంతే. వెనక నుంచి ఒకడు "టీచరమ్మా, మరి..." అని అందుకున్నాడు. వాడి మాట పూర్తవకుండానే ఇంకొకత్తె. పటంలో ఉన్నవి సగం కూడా చెప్పకుండానే గంట కొట్టేశారు. అధికారి ఏం రాసుకుని వెళ్ళాడో ఆవిడకి తెలీదు.

అందరూ వెళ్ళాక సత్యవేణి వచ్చి, మాస్టారుకి లేవడానికి చెయ్యి అందించింది.

"మాస్టారూ, ఇవాళ మాట్లాడారండీ పిల్లలు."

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, మోకాలు కూడదీసుకుని లేచారు.

"నిన్న కూడా మాట్లాడారమ్మా."