మూడు మజిలీల దూరంలో ఏరు

అనగనగా ఒక ఏరు. దాని పేరు వెన్నేరు. ఆ ఏటి ఒడ్డున ఒక రాజ్యం, ఆ రాజ్యానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధవళుడు, రెండోవాడు అరుణుడు, చిన్నవాడు కువలయుడు.

ఒకరోజు పొద్దున్న ఆడవాళ్లు బిందెలతో ఏటికి వెళ్లేసరికి ఏట్లో నీళ్లు లేవు. రాత్రి పారిన ఏరు తెల్లారేసరికి వట్టి ఇసుక. చేపలు ఇసుక మీద కొట్టుకుంటున్నాయి. కొండల మీద కరకంఠుడనే మాంత్రికుడు ఏటిని పుట్టిన చోటే కట్టేశాడని కొన్నాళ్లకు తెలిసింది. కరకంఠుడి ప్రాణం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అతని కోటకు మాత్రం మూడు మజిలీల దూరం.

ధవళుడు గుర్రమెక్కి వెళ్లాడు, తిరిగి రాలేదు. అరుణుడు ఏనుగెక్కి వెళ్లాడు, అతనూ తిరిగి రాలేదు.

కువలయుడు కాలినడకన బయల్దేరాడు.

"గుర్రమైనా లేకుండా ఎలా వెళతావు నాయనా?" అంది తల్లి.

"గుర్రం పూటకు తాగే నీళ్లు నాకు నాలుగు రోజులొస్తాయమ్మా. ఆ నీళ్లెక్కడ తెచ్చేది?" అన్నాడు కువలయుడు.

తల్లి అటుకులూ బెల్లం మూటగట్టి ఇచ్చింది. భుజాన గొంగళి, నడుముకు నీళ్ల సొరబుర్ర, మొలలో చెకుముకి రాయి, చేతిలో కర్ర. అంతే అతని సామాను.

పొద్దస్తమానం నడిచి, సాయంత్రానికి మొదటి మజిలీ చేరాడు. అక్కడ ఏటి ఇసుక పరుపు పరిచినట్టు మెత్తగా ఉంది. ఒక చోట మాత్రం తుంగగడ్డి పచ్చగా ఉంది. పచ్చగా ఉందంటే కింద తడి ఉన్నట్టే కదా. మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తవ్వాడు. మోచేతి లోతు తవ్వేసరికి చెలమ ఊరింది. నీళ్లతోపాటు ఒక ముసలి పీత కూడా బయటికి వచ్చింది. కువలయుడు దాన్ని మెల్లగా తీసి, పక్కన ఇంకో తడిగుంట చేసి అందులో పెట్టాడు.

తరవాత సొరబుర్ర నింపుకుని, అక్కడే గొంగళి పరవబోయాడు.

"ఇక్కడ పడుకోకు నాయనా. ఏరు వస్తుంది" అంది పీత.

పీత మాట్లాడేసరికి కువలయుడు ఉలిక్కిపడ్డాడు. కాసేపటికి తేరుకుని, "ఆకాశంలో మబ్బుతునక లేదు కదా పీతక్కా, ఏరెలా వస్తుంది?" అన్నాడు.

"మబ్బెందుకు? పైన కట్టేసినవాడు వదిలితే చాలు. ఆ మద్దిచెట్టు కేసి చూడు. కొమ్మల్లో ఎండుగడ్డి ఎంత ఎత్తున చిక్కుకుని ఉందో."

కువలయుడు తలెత్తి చూశాడు. రెండు నిలువుల ఎత్తున గడ్డీ గాదం వేలాడుతున్నాయి. వాటి మధ్య ఒక ఎర్ర తలపాగా. అన్న ధవళుడిది.

అతను వెంటనే గొంగళి చుట్టి గట్టెక్కి, గడ్డి చిక్కుకున్న ఎత్తు కంటే ఇంకా పైకి పాకాడు. అతనలా కూర్చున్నాడో లేదో, హోరుమంటూ ఏరు వచ్చింది. చెలమను ముంచింది, తుంగను ముంచింది, మద్దిచెట్టును సగానికి ముంచింది. అంతలో ఆ నీళ్లు ఆగాయి. ఆగి, వెనక్కి తిరిగాయి. పిల్లలూ, నీళ్లు పల్లానికి పోతాయి కదా, ఈ నీళ్లు కొండెక్కి పోయాయి. రెండు జింకలను ఈడ్చుకుంటూ, వచ్చిన దారినే పైకి పాకిపోయాయి. కువలయుడు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆ రాత్రి అతను అటుకులు తినడం కూడా మరిచిపోయాడు.

మర్నాడు మళ్లీ నడిచాడు. బుర్ర ఖాళీ అయింది. నాలుక పిడచగట్టింది. సాయంత్రానికి రెండో మజిలీ చేరాడు. అక్కడ అద్దంలాంటి మడుగు, చుట్టూ పచ్చిక, ఆనుకోవడానికి నున్నటి రాయి. కువలయుడు ఆ రాయికి ఆనుకుని, నీళ్లకు చెయ్యి చాచాడు.

చాచిన చెయ్యి ఆగిపోయింది. మడుగు గట్టున ఒక్క గిట్ట గుర్తు లేదు. ఒక్క పక్షి కాలి గుర్తు లేదు. నీళ్లలో కప్ప లేదు, నీళ్ల మీద దోమ లేదు. అవతల ఒక నక్క నాలుక వేలాడేసుకుని రొప్పుతోంది గాని, నీటి దగ్గరకు రావడం లేదు.

"నక్కబావా, నీకు దాహంగా లేదా?"

"ఉంది. నువ్వు ఆనుకున్న రాయికి కూడా ఉండేది" అంది నక్క.

కువలయుడు వెనక్కి తిరిగాడు. అది మోకాళ్ల మీద వంగిన మనిషి ఆకారంలో ఉంది. దోసిలి పట్టిన రెండు చేతులున్నాయి. చిన్నప్పుడు ఉయ్యాల మీంచి పడి కనుబొమ మీద చేసుకున్న గాటు కూడా ఉంది. అరుణుడు. ఇంతసేపూ తను అన్న వీపుకు ఆనుకుని కూర్చున్నాడు.

అక్కడే కూర్చుని అన్న చల్లటి చెంప నిమిరాడు. ఏడుద్దామంటే కంట్లో తడి లేదు.

"లే, చీకటి పడుతోంది. ఈ పచ్చికలో పడుకోకు. ఎగువన గడ్డిమిట్ట ఉంది. తెల్లారుజామున అక్కడ మంచు కురుస్తుంది" అంది నక్క.

ఇద్దరూ మిట్టెక్కి పడుకున్నారు. తెల్లారుజామున కువలయుడు తన ఉత్తరీయాన్ని గడ్డి మీద ఈడుస్తూ అటూ ఇటూ నడిచాడు. గుడ్డ తడిసి బరువెక్కింది. పిండితే గుక్కెడు నీళ్లు వచ్చాయి. మళ్లీ ఈడ్చాడు, మళ్లీ పిండాడు. నక్క తాగింది, అతను తాగాడు, బుర్రలో నాలుగు గుక్కలు మిగిలాయి. నక్క అక్కడితో ఆగిపోయింది. ఆ పైన నీకు హెచ్చరిక చెప్పే జంతువనేది ఉండదు, ఇక నువ్వే చూసుకోవాలి అని చెప్పింది.

మూడో మజిలీ కొండ నెత్తిన. చలిగాలి ఎముకలు కొరుకుతోంది. ఒక గుహ కనిపించింది. లోపల వెచ్చగా ఉంది. కువలయుడు రెండడుగులు లోపలికి వేశాడు. వెచ్చటి గాలి బయటికి వచ్చింది. కాసేపటికి లోపలికి పోయింది. మళ్లీ బయటికి వచ్చింది. గుహలో గబ్బిలాల వాసన లేదు. కాలికింద నేల మెత్తగా ఉంది.

అతను చెకుముకి రాయి కొట్టాడు. ఆ నిప్పురవ్వ వెలుగులో గుహ పైకప్పు కనిపించింది. అది ఎర్రగా, తడిగా ఉంది.

కువలయుడు బయటికి దూకాడు. వెనక కొండచిలువ నోరు టప్పున మూసుకుంది. గొంగళి అందులోనే ఉండిపోయింది. అతను రెండు బండల సందున, గాలి తగలని వైపు ముడుచుకుని కూర్చున్నాడు. 

తెల్లారింది. చిలకలు గుంపులు గుంపులుగా తలమీదుగా ఎగిరాయి. అన్నీ ఒకే వైపుకు. గింజలు తినే పక్షులు పొద్దున్నే నీళ్లకు పోకుండా ఉండలేవు. కువలయుడు వాటి కిందే పరుగెత్తాడు. రాతి చీలికలో ఒక ఊట ఉంది. ఊట పక్కన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె మణికట్టు మీద ఒక చిలక ఉంది.

"ఇది మా నాన్న ప్రాణం" అంది ఆమె, చెట్టు పేరు చెప్పినంత మామూలుగా.

కువలయుడు చిలక కేసి చూశాడు. "మీ నాన్నెవరు?"

"కరకంఠుడు. నా పేరు తరళ. ఈ చిలక రోజూ పొద్దున్నే తాగాలి. అందుకే ఈ ఒక్క ఊటను ఆయన కట్టెయ్యలేదు."

"ఈ మాట నాకెందుకు చెబుతున్నావు?"

"ఏటిని వదలమని ఎన్నోసార్లు అడిగాను. ఆయన నవ్వుతాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయనకు ఒక్కసారి కూడా దాహం వెయ్యలేదు, చిలక తాగుతుంది కాబట్టి. ఇవాళ దీనికింకా నీళ్లు పట్టలేదు. దీన్ని చంపనని మాటిస్తే నీకిస్తాను."

కువలయుడు మాటిచ్చాడు. చిలకను రెండు చేతులా అందుకుని, కుడి పిడికిట్లో పదిలంగా పట్టుకున్నాడు.

ఎండెక్కింది. చిలక ముక్కు తెరిచింది. అది చూడలేక తరళ మొహం తిప్పుకుంది. కువలయుడికీ చూడటం కష్టంగానే ఉంది. అప్పుడు పక్క శిఖరం మీది కోటలోంచి సుడిగాలి దిగింది. అందులోంచి కరకంఠుడు ఊడిపడ్డాడు. తాడిచెట్టంత మనిషి పది అడుగుల దూరంలో మోకాళ్ల మీద కూలిపోయాడు. గొంతు పట్టుకున్నాడు. పెదవులు పగిలాయి. తనకేమవుతోందో అతనికి తెలియడం లేదు. కళ్లు పెద్దవి చేసుకుని కూతురి వైపు చూశాడు.

"దాన్ని దాహమంటారు నాన్నా" అంది తరళ.

"ఏటిని వదులు" అన్నాడు కువలయుడు.

మాంత్రికుడు నోరు కదిపాడు. మాట రాలేదు. మంత్రం చెప్పాలంటే నాలుక తడవాలి.

కువలయుడు బుర్ర తీశాడు. "ఒక్క గుక్క ఇస్తాను. దానితో ఒక్క మాట అనగలవు. నన్ను రాయిని చెయ్యాలనుకుంటే చెయ్యి. నేను రాయినైతే నా పిడికిలీ రాయవుతుంది. అందులో ఉన్నది నీ ప్రాణం. ఆ పిడికిలి ఇక ఎవరూ తెరవలేరు."

బుర్ర అతని నోటికి అందించాడు. మాంత్రికుడు గుక్క మింగాడు. చాలాసేపు ఆ పిడికిలినే చూశాడు. 

"పారు" అన్నాడు కరకంఠుడు.

కొండ కదిలినట్టయింది. బండలు పగిలి వెన్నేరు బయటపడింది. అతని మంత్రబలమంతా దాన్ని కట్టేసిన కట్టులోనే ఉండేది. అది పోయేసరికి తాడిచెట్టంత మనిషి అందరిలాంటి ముసలివాడై మిగిలాడు. కువలయుడు పిడికిలి తెరిచాడు. చిలక ఎగిరి ఏటి అంచున వాలి తాగింది. దిగువన మడుగు గట్టున అరుణుడు దోసిలి విదిలించుకుని లేచాడు. మద్దిచెట్టు దగ్గర ధవళుణ్ణి లాక్కుపోయిన వరద, అతన్ని కూడా ఏరు పుట్టిన చోటున్న కొండ మడుగు అడుగున రాయిని చేసి పెట్టింది. ఇప్పుడతను జింకలతో పాటు తడిబట్టలతో బయటికి వచ్చి, తన తలపాగా ఏదని అడిగాడు. కువలయుడు అతన్ని కౌగిలించుకుని అప్పుడు ఏడ్చాడు.

తరళకూ కువలయుడికీ ఏటి ఒడ్డున పెళ్లి జరిగింది. అన్నలిద్దరూ దగ్గరుండి రాజ్యం తమ్ముడికే కట్టబెట్టారు. అతను అరవై ఏళ్లు ఏలాడు. కొండదారిలో మూడు మజిలీల దగ్గరా, వరద అందని ఎత్తున సత్రాలు కట్టించి, మంచినీళ్ల బావులు తవ్వించాడు.

కరకంఠుడు మాత్రం ఆ పొద్దున ఏటి దగ్గరకు పాక్కుంటూ వెళ్లాడట. దోసిలి పట్టి ఒకసారి తాగాడు. ఇంకోసారి తాగాడు. మూడోసారి దోసిలి నోటిదాకా తెచ్చి ఆగిపోయి, "నీళ్లు ఇంత తియ్యగా ఉంటాయని నాకెవరూ చెప్పలేదే" అన్నాడట.