నక్క ముద్ర పడిన తలుపు

పందిరిమెట్ట అడవిలో జంతువులన్నీ కష్టపడి కంప్యూటర్లని నడిపే లినక్స్ ఒకటి సొంతంగా తయారుచేసుకున్నాయి. ప్రతి ఇంటి కంప్యూటరూ దానిమీదే నడుస్తుంది. కావలసిన ప్రోగ్రాములు ఎద్దు వీరభద్రం కాపలా ఉండే పెద్ద గాదెలో దొరుకుతాయి. అక్కడ లేనివాటికి బయటివాళ్ల గాదెలున్నాయి. వాటికి ఎద్దు గట్టి పద్ధతి పెట్టింది. ఎవరి సరుకు వాళ్ల గాదెలోనే ఉండాలి, ఎవరి ముద్ర వాళ్లే వేయాలి. ఒకే పేరుతో రెండుచోట్లా ఉంటే పెద్ద గాదెదే తీసుకోవాలి.

నక్క చిట్టిబాబుకి ఇది కంటగింపయింది.

"ఏంటి మావా ఈ చాదస్తం? ఇన్ని ముద్రలు ఎవడు సరిచూస్తాడు? బయటి గాదెలన్నీ నాకిచ్చెయ్. కలిపేసి నా ఒక్క ముద్ర వేస్తా. ఎవరిదైనా సరే, కొత్తదే అందరికీ వెళ్తుంది."

"లోపల ఏముందో చూస్తావా?" అంది ఎద్దు.

"అంటే, నామీద నమ్మకం లేదా?"

అంతే, కోతులు చప్పట్లు కొట్టాయి, మేకలు తలలూపాయి. ఎద్దు ఎంత మొత్తుకున్నా వింటేగా! పని తగ్గుతుందంటే చాలు, బుర్ర తాకట్టు పెట్టేస్తారు. బయటి గాదెలన్నీ నక్క చేతికొచ్చాయి.

కోడిపెట్ట నూకాలు గుడ్ల గది తలుపు తీసేదీ, వేసేదీ కంప్యూటరే. ఆ ప్రోగ్రాము పెద్ద గాదెది. నక్క అదే పేరుతో ఇంకోటి రాసి, కొత్తదనిపించేలా పెద్ద నంబరు తగిలించింది. కంప్యూటరు పాతది తీసేసి నక్కది పెట్టుకుంది. మధ్యాహ్నం నూకాలు మేతకి వెళ్లగానే తలుపు దానంతటదే తెరుచుకుంది. తిరిగొచ్చేసరికి సగం గుడ్లు లేవు!

నూకాలు రెక్కలు విదిల్చుకుంటూ నక్క మీదికే వెళ్లింది. "నీ నోట మన్ను పడ! నీ ముద్రతో వచ్చిందే నా తలుపు తీసింది. నా పిల్లలేరిరా?"

"నోరు జాగ్రత్త వదినా. నాది ముద్ర వేసే పనే. ఎవరెవరో తెచ్చి పడేస్తారు, లోపల ఏముందో నేను చూడను."

"చూడవా?"

"ఒట్టు, చూడను."

ఆ మాట అనడానికి ఎంత సిగ్గులేకుండా ఉండాలి!

నూకాలు మిగిలిన గుడ్లని ఎద్దు పాకలోకి మార్చింది. ఎద్దు సాయంతో తనూ ఒక తలుపు ప్రోగ్రాము రాసి, అదే పేరు పెట్టి, ఇంకా పెద్ద నంబరు వేసి నక్క గాదెలో పడేసింది. నక్క నిజంగానే చూడలేదు, టకీమని ముద్ర కొట్టేసింది. మర్నాడు నూకాలు మేతకి బయల్దేరింది, తలుపు తెరుచుకుంది, నక్క లొట్టలేసుకుంటూ లోపలికి దూరింది. వెనకే తలుపు మూసుకుంది.

"తియ్యండర్రా! ఎవడు రాశాడీ ప్రోగ్రాము?" అని లోపల్నుంచి ఒకటే కేకలు.

"ఎవరు రాస్తే నీకెందుకురా? ముద్ర నీదే!" అని బయటినుంచి అరిచింది నూకాలు. అడవంతా వచ్చేదాకా తలుపు తియ్యలేదు. ఆ రోజే బయటి గాదెలు ఎవరివి వాళ్లకి తిరిగి వెళ్లాయి, నక్క అడవి దాటింది. పోయిన గుడ్లు మాత్రం తిరిగి రాలేదు.

నీతి: లోపల చూడనివాడి ముద్రని నమ్మి ఇంటి తలుపు అప్పగించకండి.