ఆవుల్ని పిలిచే కొమ్ముబూర

అనగనగా ఒక ఊళ్ళో... మన ఊరు కాదర్రా, ఏడు సముద్రాల అవతల చలిదేశంలో, తోదెరు అని ఆవులు కాసుకునేవాడు ఉండేవాడు. వాడి పెళ్ళాం మరీన. ఆ ఊళ్ళో ఇంటికో కొమ్ముబూర, ఇంటికో పాట. సాయంత్రం ఎవరి పాట ఊదితే వాళ్ళ ఆవులే ఇంటికొస్తాయి. ఊఁ కొడుతున్నారా, గోడకి చెప్పుకుంటున్నానా?

ఆ దేశం మీదికి టర్కీ సుల్తాను చీమలదండంత సైన్యాన్ని పంపాడు. రాజుగారి దగ్గరున్నది గుప్పెడు మంది. పొగమంచు బాగా పట్టిన రోజు చూసి రాజు తోదెర్ని పిలిచి, ఊబికి అవతల నిలబడి యుద్ధబూర ఊదమన్నాడు. సైన్యం అక్కడుందనుకుని శత్రువులు ఊబిలో దిగాలి, మనవాళ్ళు వెనకనుంచి మీద పడాలి. బూర మోగకపోతే దేశం పోయినట్టే. తోదెరు మీసం మెలేసి సరేనన్నాడు.

మెలేశాడు గానీ, మంచులోంచి గుర్రాల డెక్కల చప్పుడు వినపడేసరికి వాడి పై ప్రాణాలు పైనే పోయాయి. బూర బురదలో పారేసి రెల్లుదుబ్బుల్లో దూరాడు, సన్నాసి! అప్పుడే మొగుడికి రొట్టె తెచ్చిన మరీన కాలికి ఆ బూర తగిలింది. చుట్టూ చూస్తే మొగుడు లేడు. బూర మోగాలని తెలుసు గానీ, యుద్ధపాట ఆ పిల్లకేం తెలుసు? రోజూ ఆవుల్ని పిలిచే పాటే ఊదింది. బుగ్గలు వాచేదాకా ఊదింది.

శత్రువులకి ఏ పాటైతేనేం? మోగిన వైపే ఉరికారు. గుర్రం దిగబడింది, గుర్రాన్ని లాగబోయిన ఒంటె దిగబడింది, ఒంటెను లాగబోయిన భటుడు దిగబడ్డాడు, భటుణ్ణి తిట్టబోయిన సేనాపతీ దిగబడ్డాడు! మనవాళ్ళు విరుచుకుపడి గెలిచేశారు.

తోదెరు రెల్లుదుబ్బుల్లోంచి బయటికొచ్చేసరికి, ఊదింది వాడేననుకుని రాజు తన బొచ్చుకోటు విప్పి వాడికి తొడిగాడు. వాడు కాదనలేదు. నలుగురిలో మొగుడి పరువు తీయడం ఎందుకని మరీన నోరెత్తలేదు, తల దించుకుంది. అది చూశాక ఆ కోటు వాడికి ముళ్ళకంపలా గుచ్చుకుంది. ఛీ, తప్పు చేసింది నేనైతే తల దించుకుంది ఇదా అని సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంతలో రాజు, ఆ వింతపాట ఇంకోసారి ఊదవయ్యా అన్నాడు. ఆ పాట వాడికీ వచ్చు. ఊదితే చాలు, ఇక ఎవరికీ ఎప్పటికీ తెలీదు. బూర నోటిదాకా తీసుకెళ్ళాడు. మళ్ళీ కిందికి దించేశాడు.

"నేను పారిపోయానయ్యా! ఊదింది ఇది!" అని, కోటు విప్పి పెళ్ళానికి కప్పాడు.

జనం గొల్లుమన్నారు. వాడు ఎవరి మొహమూ చూడలేకపోయాడు. మరీన బూర అందుకుని ఊదింది. కొండ మీంచి ఆవులు పరుగున వచ్చాయి. ముసలావు ఒకటి అందర్నీ తోసుకొచ్చి తోదెరు చెయ్యి నాకింది. అప్పుడు ఏడ్చాడమ్మా వాడు, భోరుమని!

రాజు నవ్వి వదిలేశాడు. కోటు ఆ పిల్లకే ఉంచాడు. మొగుడూ పెళ్ళాం చల్లగా బతికారు. భయం ఎవరికైనా వేస్తుందర్రా, ఇంకొకళ్ళ కోటు మాత్రం వేసుకోకండి. ఇక కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి పోదాం పదండి.