టీవీలో కనిపించనిది దండగ

గుమ్మళ్ళ అన్నదమ్ములు ముగ్గురికీ ఒక గట్టి నమ్మకం. దేవుడు తెలివి పంచడానికి బండేసుకుని బయల్దేరి, మండపేటలో వాళ్ళింటి ముందు ఆగి, ఉన్నదంతా అక్కడే దింపేసి, ఖాళీ బండితో మిగతా ఊళ్ళకి వెళ్ళాడని. పెద్దవాడు వీరభద్రం ఈ మాట పైకే అనేవాడు. నడిపివాడు తాతబ్బాయి అవునని తలూపేవాడు. చిన్నవాడు సత్తిపండు, చిన్నవాడంటే నలభై దాటినవాడే, అన్నలు ఏమంటే అదే ఇంకోసారి అనేవాడు.

ఆ తెలివి ఎలాంటిదంటే, ఒకసారి వీరభద్రం భార్య పొయ్యి మీద పాలు పెట్టి, పొంగగానే నన్ను పిలవండి అని పెరట్లోకి వెళ్ళింది. ముగ్గురూ పొయ్యి చుట్టూ కూర్చుని కన్నార్పకుండా చూశారు. పాలు పొంగాయి, పొయ్యి ఆరింది. అప్పుడు ముగ్గురూ ఒక్క గొంతుతో ఆవిణ్ణి పిలిచారు. ఆవిడ వచ్చి గిన్నె చూసి లబోదిబోమంటే, పిలవమన్నావు పిలిచాం, దించమన్నావా అని వీరభద్రం నిలదీశాడు. ఆవిడ మాడిన గిన్నె తీసుకుని తోముకోవడానికి పెరట్లోకి పోయింది. కాబట్టి గెలిచింది తామేనని తీర్మానించుకున్నారు.

అలాంటి వాళ్ళు సెట్లు వేసే పని మీద హైదరాబాదు చేరారు. చేతిపనిలో వంక పెట్టడానికి లేదు. చెక్క, అట్ట, రంగు ఇస్తే ఇంద్రభవనం లేపుతారు. ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. వాళ్ళని పనిలో పెట్టుకున్న ఛానెలుకి ఆ సంగతి తెలియదు, తెలుసుకునే తీరికా లేదు.

ఆ ఛానెల్లో 'శుక్రనౌక' అని ఒక సీరియలు వచ్చేది. అంతరిక్షంలో తిరిగే ఓడ, వెండి చొక్కాల మనుషులు, పచ్చ మొహాల గ్రహాంతరవాసులు. డబ్బు నీళ్ళలా పోశారు, నాలుగొందల ఎపిసోడ్లు నడిపారు. అందులో ఓడ వంటమనిషి వేషం మాణిక్యాంబగారిది. ఒకప్పుడు నాటకాల్లో మహారాణి వేషాలు కట్టి ఊళ్ళకి ఊళ్ళని కూర్చోబెట్టిన మనిషి. ఇక్కడ ఆవిడకి ఇచ్చింది ఒకే ఒక్క మాట: "అయ్యా, భోజనం వేళయింది." నాలుగొందల ఎపిసోడ్లలోనూ అదే. అయినా ఆవిడ అన్న తీరుకి జనం పడిపోయి, వంటమ్మని ఇంకాస్త చూపించండని ఛానెలుకి ఉత్తరాలు రాశారు.

ఆ ఉత్తరాలు చూసి ఛానెలు ఎండీగారికి ఒక ఆలోచన పుట్టింది. వంటమ్మ మీదే ఇంకో సీరియలు తీస్తే సరి, పేరు 'శుక్రనౌక వంటిల్లు'. ఆవిడ మీద అభిమానంతో కాదు. అంత ఓడ అక్కర్లేదు, వంటిల్లు ఒక్కటి చాలు. హీరో అక్కర్లేదు, యుద్ధాలు అక్కర్లేదు, ఖర్చు నాలుగో వంతుకి దిగుతుంది. పేరు పాతదే కాబట్టి జనం ఎలాగూ చూస్తారు. జనమంటే ఆయన దృష్టిలో రిమోటు పట్టుకున్న గొర్రెలు. డైరెక్టరు కూడా దండగని, ఆ పని మేనేజరు జగన్నాథానికే అంటగట్టాడు. మొదటి ఎపిసోడు బాగుంటే వంద తీద్దాం, లేదంటే ఆ ఒక్కదానితో సరి అని తేల్చేశాడు.

మాణిక్యాంబగారికి యాభై ఎనిమిదేళ్ళు. ఇది పోతే ఇంకోటి రాదని ఆవిడకి తెలుసు. ఆ ఎపిసోడు చివర్లో ఆవిడకి రెండు పేజీల మాటలున్నాయి. ఓడలో ఆఖరి గుప్పెడు బియ్యం మిగిలినప్పుడు, పుట్టిన గ్రహం పోగొట్టుకున్న ఒక గ్రహాంతరవాసికి వాటిని వండి పెడుతూ చెప్పే మాటలు. నెల రోజుల పాటు అద్దెగదిలో గోడకి చెప్పుకుని చెప్పుకుని కంఠతా పట్టింది. ఇరుగుపొరుగు వాళ్ళకి కూడా ఫలానా రోజు ఏడున్నరకి చూడమని ముందే చెప్పింది.

షూటింగు మొదటిరోజు జగన్నాథం అన్నదమ్ముల్ని పిలిచి వేలు చూపించి మరీ చెప్పాడు. "టీవీలో కనిపించని దాని మీద రూపాయి ఖర్చు పెట్టారో, మర్యాదగా ఉండదు. కనిపించనిది దండగ. అర్థమైందా?"

అర్థమైంది. అవసరానికి మించి అర్థమైంది.

ముందు గోడలకి వెనకవైపు రంగు మానేశారు. అది అందరూ చేసేదే కాబట్టి జగన్నాథం మెచ్చుకున్నాడు. మెచ్చుకోవడమే అతను చేసిన తప్పు. ఇంకేముంది, ముగ్గురికీ హుషారొచ్చింది. వంటింటి బల్లకి కనిపించేవి ముందు కాళ్ళు రెండే. వెనక కాళ్ళు రెండూ రంపంతో కోసి, ఆ చెక్క మిగిలిందని పక్కన పేర్చి, బల్లని అట్టగోడకి ఆనించారు. మాణిక్యాంబగారు బల్ల మీద గుండిగ పెట్టింది. అంతే, బల్లా గుండిగా కలిసి వెనక్కి పడ్డాయి. ఆవిడ పాదం మీద పడకపోవడం ఆవిడ అదృష్టం. కాళ్ళు మళ్ళీ అతికించమని జగన్నాథం అరిస్తే, అతికిస్తే జిగురు ఖర్చండీ, అదీ కనిపించదు కదండీ అన్నాడు వీరభద్రం. చివరికి తాతబ్బాయి వెనక నేల మీద పడుకుని రెండు కాళ్ళూ పైకెత్తి బల్లని మోశాడు. అతని కాళ్ళకి అద్దె లేదు.

తర్వాత గ్రహాంతరవాసి వంతు. పాపం అతనికి పచ్చటి తోలు బట్ట ముందువైపు మాత్రమే కుట్టించారు. అతను మాట ముగించి గిర్రున తిరిగి తలుపు వైపు నడిచాడు. చూస్తే వెనక తాడు ముడులు, గళ్ళ నిక్కరు. లైటు పట్టుకున్నవాళ్ళు నవ్వాపుకోలేక లైట్లు ఊపేశారు. జగన్నాథం నెత్తి కొట్టుకున్నాడు. తిరుగుతాడని ముందు చెప్పాలి కదండీ అని వీరభద్రం ఎదురు కోప్పడ్డాడు. అప్పట్నుంచి ఆ గ్రహాంతరవాసి ఎక్కడికి వెళ్ళినా వెనక్కి వెనక్కి నడిచే వెళ్ళాడు. వాళ్ళ గ్రహంలో అది మర్యాద అని కథలో ఒక ముక్క కలిపారు.

సాయంత్రానికి ఖర్చుల కాగితం ఎండీగారికి వెళ్ళింది. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు. బల్ల ఎలా నిలబడింది, వేషం ఎలా ఉంది అని ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. ఈ పనివాళ్ళెవరో ఆణిముత్యాల్లా ఉన్నారు, ఇంకా తగ్గించమను అని కబురు పెట్టాడు. అలాంటి యజమానికి అలాంటి పనివాళ్ళే దొరుకుతారు, దొరకాలి కూడా.

రెండోరోజు ఆఖరి రోజు. పొద్దున్నే సీను ఎలా వస్తోందో చూసుకునే చిన్న టీవీ అద్దెకిచ్చినవాళ్ళకి తిరిగి వెళ్ళిపోయింది, అది ఏ ఎపిసోడులోనూ కనిపించలేదు కాబట్టి. మధ్యాహ్నం భోజనాల దగ్గర వీరభద్రం గరిటె పట్టుకుని నిలబడ్డాడు. టీవీలో కనిపించేవాళ్ళకే విస్తరి అన్నాడు. మాణిక్యాంబగారికి పూర్తి భోజనం. గ్రహాంతరవాసికి ముందువైపే కనిపిస్తుంది కాబట్టి సగం భోజనం అన్నారు. కడుపు ఉన్నది ముందువైపే కదా అని అతను వాదించి మిగతా సగం సాధించుకున్నాడు. జగన్నాథానికి మజ్జిగ కూడా దక్కలేదు. కెమెరామన్ బాషా మాత్రం మాట్లాడకుండా చెప్పులేసుకుని, ఫ్రేము సరిచేసి పెట్టాను, తినొచ్చి మీట నొక్కుతాను అని చెప్పి హోటలుకి పోయాడు.

ఆ ఫ్రేము దగ్గరే ఒక చిక్కు వచ్చింది. వంటింటి గిన్నెలన్నీ తళతళలాడే స్టీలు. ఏ గిన్నె చూసినా అందులో కెమెరా నీడ. మామూలుగా ఇలాంటప్పుడు కెమెరాకి ముందు నల్లగుడ్డ కట్టి, కెమెరా ముందరి అద్దం పట్టేంత కంత పెడతారు. జగన్నాథం ఆకలి మీద ఉన్నాడు. గుడ్డ కట్టండి, కెమెరా ఎక్కడా కనిపించడానికి వీల్లేదు అని కేకేసి ఎండీగారి ఫోను వస్తే బయటికి వెళ్ళాడు.

అన్నదమ్ములు గుడ్డ కట్టారు, కంత కోశారు. తర్వాత ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కెమెరా కనిపించకూడదని మేనేజరుగారే అన్నాడు. కనిపించనిది దండగని కూడా ఆయనే అన్నాడు. నాలుగొందల ఎపిసోడ్లు చూశాం కదా, ఎక్కడైనా కెమెరా కనిపించిందా అని వీరభద్రం అడిగాడు. తాతబ్బాయి కళ్ళు మూసుకుని బాగా గుర్తుచేసుకుని, లేదన్నాడు. సత్తిపండు కూడా లేదన్నాడు. పైగా అన్నిటికంటే ఎక్కువ అద్దె దానిదే. ఇంకేముంది, కెమెరా పెట్టెలో పెట్టి, అద్దెకిచ్చిన వాళ్ళకి ఫోను కొట్టారు. ఇంకో షూటింగుకి కావాలని ఎదురుచూస్తున్న వాళ్ళు పావుగంటలో వెనక తలుపు గుండా వచ్చి గుడ్డ చాటునే ఎత్తుకుపోయారు.

జగన్నాథం తిరిగొచ్చేసరికి అద్దెకి తీసుకున్న షూటింగు ఫ్లోరు ఖాళీ చెయ్యాల్సిన టైము దగ్గరపడింది. బాషా ఇంకా రాలేదు. కెమెరా సంగతి చూశారా అని అడిగాడు. చూశామండీ, మీరు చెప్పినట్టే చేశామండీ అన్నాడు వీరభద్రం. చూసుకునే టీవీ లేదు, గుడ్డ వెనక్కి వెళ్ళి చూసే ఓపిక లేదు. మాణిక్యాంబగారూ మొదలుపెట్టండి అన్నాడు.

ఆవిడ మొదలుపెట్టింది. గుప్పెడు బియ్యం దోసిట్లోకి తీసుకుని, నల్లగుడ్డలో ఉన్న కంత వైపు చూస్తూ ఒక్కొక్క మాటే చెప్పుకుంటూ వచ్చింది. ఎక్కడా గొంతు పెంచలేదు. గ్రహాంతరవాసి పచ్చరంగు కన్నీళ్ళకి చెంపల మీద చారలు కట్టింది. లైటు పట్టుకున్నవాళ్ళు ఆకలి మర్చిపోయారు. బల్ల కింద తాతబ్బాయి కాళ్ళు వణికాయి కానీ బల్ల కదల్లేదు. రెండు పేజీలు అయిపోయాయి. తన జన్మలో ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదని ఆవిడకి తెలుస్తూనే ఉంది.

అప్పుడే బాషా పళ్ళు కుట్టుకుంటూ వచ్చి, తను లేనప్పుడు ఎవరో మీట నొక్కే ఉంటారనుకుని, కెమెరా ఆపేద్దామని గుడ్డ ఎత్తాడు. గుడ్డ వెనక స్టూలు మీద సత్తిపండు కూర్చుని ఉన్నాడు, కంతకి ఒక కన్ను ఆనించి. ఇంకెవరూ లేరు, ఇంకేమీ లేదు.

"పొల్లు పోకుండా మొత్తం చూశానండీ," అన్నాడు సత్తిపండు ముక్కు తుడుచుకుంటూ. "ఒక్క ముక్క కూడా పోలేదండీ."

జగన్నాథం కింద కూలబడ్డాడు. మాణిక్యాంబగారికి సంగతి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. దోసిట్లో బియ్యం అలాగే పట్టుకుని సత్తిపండు దగ్గరికి వెళ్ళింది.

"బాగా చేశానా నాయనా?"

"మా అమ్మ పోయినప్పుడు కూడా నాకింత ఏడుపు రాలేదమ్మా," అన్నాడు వాడు.

ఆ పిచ్చిమొహాన్ని చూసి ఆవిడకి ఏడుపొచ్చింది. నాకూ ఈ కథ ఇక్కడికి వచ్చేసరికి కోపం ఆగదు. అన్నదమ్ముల మీద కాదు.

ఎందుకంటే ఎండీగారు చేసింది వినండి. ఫ్లోరు వేరేవాళ్ళకి ఇచ్చేశారు, కెమెరా మూడు రోజుల దాకా రాదు, అప్పటిదాకా తీసిన సీన్లన్నీ దానిలోనే ఉండిపోయాయి, మర్నాడు ఏడున్నరకి రావాల్సిన ప్రకటనలన్నీ అమ్ముడయ్యాయి. మూడు రోజులు ఆగుదామండీ, ఆవిడ మళ్ళీ చేస్తుంది అని జగన్నాథం ఫోనులో బతిమాలాడు. ఆగితే ప్రకటనలు పోవూ అన్నాడు ఎండీగారు. చూసినవాడు ఉన్నాడుగా, వాణ్ణే మన వార్తల స్టూడియోలో కూర్చోబెట్టి లైవులో చెప్పించండి, వాడికి వేరే జీతం కూడా అక్కర్లేదు అన్నాడు. అని, తన తెలివికి తనే నవ్వుకున్నాడట.

మర్నాడు ఏడున్నరకి మాణిక్యాంబగారి గదిలో ఇరుగుపొరుగు చాపల మీద సర్దుకున్నారు. పాట వచ్చింది, పేరు వచ్చింది, సత్తిపండు వచ్చాడు. తల దువ్వుకుని, కొత్త చొక్కా వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నోరు మాత్రం తెరవలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. పక్కింటావిడ సౌండు పెంచింది. ఐదు నిమిషాలకి సత్తిపండు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పన్నెండో నిమిషానికి బొటబొటా కారాయి. వాడి మొహం చూస్తే వాడు ఏ మాట దగ్గరున్నాడో మాణిక్యాంబగారికి తెలిసిపోతోంది. ఇంకెవరికీ తెలియలేదు. ఊరంతా తమ టీవీలే పాడయ్యాయనుకుని రిపేరు కుర్రాళ్ళకి ఫోన్లు చేశారు. ఆవిడ సీరియలు అంతటితో సరి.

ఇరవై రెండు నిమిషాలు అయ్యాక సత్తిపండు బయటికొచ్చాడు. వీరభద్రం ఆత్రంగా ఎదురెళ్ళి, పొద్దున చెప్పింది గుర్తుందా, నోరు జారి ఒక్క మాటైనా అనేశావా అని అడిగాడు.

"ఒక్కటి కూడా అన్లేదన్నయ్యా," అన్నాడు సత్తిపండు. "మాట టీవీలో కనిపించదు కదా."