అరచేతమ్మ వెలసిన విధం

కొండవలస రైలు స్టేషనుకు పడమరగా, పాత ఇంజన్ల షెడ్డు గోడనానుకుని అరచేతమ్మ తల్లి కొలువై ఉన్నది. గర్భాలయంలో విగ్రహం లేదు. పసుపు పూసిన ఉక్కు చక్రమే అమ్మవారి రూపం.

పూర్వం ఇక్కడ ఆవిరి ఇంజన్లు బాగుచేసే రోజుల్లో గౌరినాయుడనే ఫిట్టరు ఉండేవాడు. చక్రాన్ని సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, మోత విని, లోపలి పగులు చెప్పగల దిట్ట. అయితే ఇరవై ఏళ్లు బాయిలర్ల కడుపులో కూర్చుని రివెట్లు కొట్టిన మోతకు ఆ చెవులు మెల్లగా మూతపడ్డాయి. సంగతి తెలిస్తే సుత్తి లాక్కుంటారని, సంపాదించుకున్న పేరు పోతుందని ఆయన ఎవరికీ చెప్పలేదు. కొట్టేవాడు, తలూపేవాడు.

ఒకనాడు యాత్రికుల బండిని కొండదారి ఘాటు ఎక్కించవలసిన ఇంజనును కూడా అలాగే బాగుందని వదిలేశాడు. మధ్యాహ్నం నీళ్ల ట్యాంకు నీడన కునుకు పట్టింది. షెడ్డువాళ్లు గోడవార రాయి నిలిపి కొలిచే అమ్మ కలలో కనిపించి, “నాయనా, నీ చెవి నేను తీసుకున్నాను. చెయ్యి ఉంచానే! దాన్నెందుకు అడగవు?” అన్నది.

గౌరినాయుడు లేచి పరుగెత్తాడు. ఇంజను అప్పటికే ఆవిరి పట్టి ఉన్నది. ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి అరచెయ్యి ఆనించాడు. అదురు మోచేతిదాకా పాకింది. మూడో చక్రం దగ్గర మాత్రం చేతికిందే చచ్చిపోయింది.

“ఏటి నాయుడూ, చక్రానికి జొరం చూస్తన్నావా? పొద్దున్న బాగుందన్నది నువ్వే కదేటి!” అని నవ్వాడు రాఘవులు మేస్త్రీ.

పెదవుల కదలికను బట్టి మాట గ్రహించి, “పొద్దున్న నాకేటీ వినపళ్లేదు బాబూ. వినపడి ఏడాదయింది” అన్నాడు గౌరినాయుడు.

షెడ్డులో సుత్తులన్నీ ఆగాయి. మేస్త్రీ ఆ చక్రానికి కిరసనాయిలు పూయించి, తుడిపించి, సుద్ద రుద్దించాడు. పగులులో ఇంకిన నూనె పైకి ఊరి, తెల్లని సుద్ద మీద వెంట్రుకంత నల్లని గీత తేలింది. యాత్రికులు వేరే ఇంజనుతో క్షేమంగా ఘాటు దాటారు.

మేస్త్రీ ఆయనను తనవైపు తిప్పుకుని, “రూలు ప్రకారం సుత్తి నీకివ్వలేను. కొట్టడానికి వేరే మనిషినిస్తాను. చెయ్యి మాత్రం నువ్వే పెట్టాల” అన్నాడు. తీసేసిన చక్రాన్ని అమ్మ రాతి పక్కనే నిలిపారు. రానురాను ఆ చక్రమే అమ్మ రూపమై, తల్లికి అరచేతమ్మ అన్న పేరు వచ్చింది.

నేటికీ భక్తులు ఇక్కడికి ఇద్దరిద్దరుగా వస్తారు. ఒకరు చక్రాన్ని మెల్లగా కొడితే, మరొకరు అరచెయ్యి ఆనించి, దాచుకున్న లోపమేదో పైకి చెప్పుకుంటారు. కొట్టినవారు నవ్వకూడదు, గుడి దాటాక ఆ మాట ఎత్తకూడదు. అలా చెప్పుకున్నవారి చేతి పనికి తల్లి చేటు రానివ్వదు.